నిండని ట్యాంకు

ఆర్డిస్ టోలెఫ్సన్ రోజూ పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, ఇంటి వెనక మెట్లు దిగి ఒడ్డుకు వెళ్లేది. అక్కడ, తండ్రి కొని ఆవిడ పేర పెట్టిన బురద నేలలో, కౌంటీ ఆఫీసు వాళ్లు పాతిన బోర్డు ఉండేది. ఈ నీటిలో ఆల్చిప్పలు తీయరాదు, తినరాదు, అమ్మరాదు అని. ఆవిడ ఆ బోర్డు చదివేది కాదు. దాని గుంజని బూటుకాలితో ఒక్క తన్ను తన్ని, పక్కింటి వైపు తిరిగి, "నీ దుంప తెగ, లైల్!" అని గట్టిగా అరిచి, మళ్లీ మెట్లెక్కేది. ఆ తర్వాతే కాఫీ.

రెండేళ్లుగా ఇదే పని. ఇంకెవరైనా అయితే విసుగొచ్చి మానేసేవారు. ఆర్డిస్‌కి విసుగు రాలేదు సరికదా, రోజురోజుకీ కసి పెరిగింది.

ఆవిడ లిండల్ కోవ్‌లో ఆ ఇంట్లోనే పుట్టింది. హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ ఒడ్డున అదొక చిన్న ఖాతం, గట్టు మీద ఎనిమిది ఇళ్లు. పోటు దిగితే ఎవరి ఇంటి ముందు బురద వాళ్లది, అందులో పెరిగే ఆల్చిప్పలూ వాళ్లవే. బడికి వెళ్లే వయసులోనే చిప్పలు తెరిచే కత్తి చేత పట్టింది. ఊళ్లో చిప్పల షెడ్డులో నలభై ఏళ్లకు పైగా నిలబడి పనిచేసింది. మధ్యలో పెళ్లి చేసుకుంటే, ఆ మొగుడు అలాస్కా వెళ్లే చేపల పడవెక్కి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. పుట్టింటి పేరు మళ్లీ పెట్టుకుని, సెలవు రోజుల్లో తండ్రి వదిలిన బురద మడిలో పిల్ల చిప్పలు చల్లుకుంది. షెడ్డు మానేసిన తర్వాత ఆ మడే ఆవిడ కూడూ గుడ్డా, ఆవిడ మాటకు విలువా. పట్నం హోటళ్ల వాళ్లు ఫోన్ చేసి మరీ టోలెఫ్సన్ చిప్పలు కావాలని అడిగేవాళ్లు. అలాంటి మడికి బోర్డు కట్టారంటే కడుపు రగిలిపోదూ?

నీళ్లలో మలం తాలూకు సూక్ష్మజీవులున్నాయని కౌంటీ ఆరోగ్య శాఖ తేల్చింది. గట్టు మీద సెప్టిక్ ట్యాంకులన్నీ పాతవి. వాటిని మార్చుకోవడానికి ఇళ్లవాళ్లకు సాయం చేస్తామంది, చేసింది కూడా. ఆరిళ్లకు కొత్త ట్యాంకులు, కొత్త ఇంకుడు కాలవలు వచ్చాయి. అయినా నీళ్లు బాగుపడలేదు. మిగిలినవి రెండిళ్లు. ఒకటి ఆర్డిస్‌ది, ఒకటి లైల్ పెట్టిబోన్‌ది. కారకుడు ఎవరో ఆర్డిస్‌కి పరీక్షలు చేసి చెప్పక్కర్లేదు.

ఎందుకంటే తన ట్యాంకుని ఆవిడ చూసుకున్నట్టు జనం పాడి ఆవుని కూడా చూసుకోరు. బట్టలు ఇంట్లో ఉతికేది కాదు, ఊళ్లో లాండ్రీకి మోసుకెళ్లేది. గిన్నెలు కడిగిన నీళ్లు పెరట్లో పూలమొక్కలకు పోసేది. స్నానానికి చెంబులు లెక్కపెట్టుకునేది. చుట్టాల పిల్లలొస్తే, "అవసరమైతే ఇప్పుడే చెప్పండి, పెట్రోలు బంకు దాకా తీసుకెళ్తా" అనేది. అందుకే ఆ ఇంటికి చుట్టాలు పెద్దగా వచ్చేవాళ్లు కాదు.

లైల్ సంగతి వేరు. కౌంటీ రోడ్ల పనిలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒంటరివాడు. అతని బాత్రూంలో నీళ్లు పారుతూనే ఉండేవి. కుళాయి కింద కోడిపెట్టల గిన్నెలు కడిగేవాడు, పాటలు పాడుతూ అరగంట స్నానం చేసేవాడు. వింటుంటే ఆర్డిస్‌కి ఒళ్లు మండేది. ఇదిగో, నా మడి మీద నుంచే పోతున్నాయి ఈ నీళ్లన్నీ అనుకునేది.

ఆ ఫిబ్రవరిలో కౌంటీ నుంచి మారిబెల్ కబ్రాల్ వచ్చింది. నలభై దాటిన ఆవిడ, ఈ ఖాతం కోసమే మూడు జతల బూట్లు అరగదీసింది. ఆర్డిస్ వంటింట్లో కూర్చుని ఓపిగ్గా చెప్పింది.

"మీ ఆదాయానికైతే దాదాపు మొత్తం మేమే పెట్టుకుంటామండీ. మీరు తిరిగి కట్టక్కర్లేదు. కాకపోతే మీ ట్యాంకు పాడైందని తేలాలి."

"అంటే పాడు చేసుకున్నవాళ్లకి డబ్బు. కళ్లలో పెట్టుకు చూసుకున్నవాళ్లకి?"

మారిబెల్ చేతిలో కాగితాలు సర్దుకుంది. "వాళ్లకేం లేదండీ."

"శభాష్. చాలా బాగుంది మీ ధర్మం."

"రూలు నేను రాయలేదు కదండీ. ఏప్రిల్ నెలాఖరుకి ఈ విడత సాయం మూసేస్తారు. తర్వాత మళ్లీ ఉంటుందో లేదో నాక్కూడా తెలీదు. అందుకే రెండిళ్లలోనూ రంగు వేసి చూద్దాం. పాయిఖానాలో రంగు పోస్తాం. అది ఒడ్డున తేలిందా, ఆ ఇంటి ట్యాంకు పోయినట్టు."

"నా ట్యాంకుకేం, గుండ్రాయిలా ఉంది. మా నాన్న చేత్తో కట్టింది. నాలుగు రంగులు పొయ్యండి, నాలుగూ పెరట్లో ఆ ఆపిల్ చెట్టు కిందే ఇంకిపోతాయి. వెళ్లి ఆ లైల్‌ని పట్టుకోండి ముందు."

"ఆయన నన్ను గేటు దాటనివ్వట్లేదు" అంది మారిబెల్.

ఆ పని ఆర్డిస్ నెత్తినేసుకుంది. ఫ్రీజర్‌లో దాచిన బ్లాక్‌బెర్రీలతో పై అనే తీపి రొట్టె కాల్చి, పళ్లెం పట్టుకుని పక్కింటి తలుపు తన్నింది.

"ఏమోయ్ లైల్, బతికున్నావా?"

"నీ తిట్లకి పోయేవాడినైతే ఎప్పుడో పోయుండేవాణ్ణి. ఏంటది, పై? విషం కలిపావా?"

"వచ్చేవారం కలుపుతా. ముందు ఆ అమ్మాయిని రంగు వెయ్యనియ్యి."

"వెయ్యనివ్వను. కౌంటీలో నేను పనిచెయ్యలేదా, నాకు తెలీదా వాళ్ల సంగతి? ఇవాళ పాయిఖానా చూస్తామంటారు. రేపు నిన్న రాత్రి ఏం తిన్నావని అడుగుతారు."

"నువ్వేం తిన్నావో నా చిప్పలకు తెలుస్తోందిలే. రెండేళ్లుగా అవే తింటున్నాయి."

లైల్ ఆ మాటకి నవ్వాడు. మొదటి ముక్క తిన్నాడు, రెండో ముక్క కోసుకున్నాడు. "సరే. కానీ నీ ఇంట్లోనూ వెయ్యాలి. నా ఒక్కడి పాయిఖానాయే ఊరంతా చూస్తే నాకు నామర్దా."

"వేస్తారులేవయ్యా! నాకేం భయం?"

ఇంత దాకా అంతా సవ్యంగానే ఉంది. ఇక్కడే ఆ మహాతల్లి తన కొంప తనే ముంచుకుంది.

టోలెఫ్సన్‌ల ఇంట్లో ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు కడగాల్సిందే. పాస్టరు గారు కాఫీకి వస్తుంటే వాళ్లమ్మ పొయ్యి జరిపి వెనక గోడ తోమేది. ఆ రక్తమే ఆర్డిస్‌ది. క్రిస్మస్‌కి ముందు కిటికీలు తుడిచినంత శ్రద్ధగా మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించే మనిషి. ఇప్పుడు కౌంటీ ఆవిడ సాక్షాత్తూ ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూస్తానంటోంది. పరాయి మనిషి చూసేలోగా అందులో అంత మురికి ఉండనిస్తుందా? పరీక్షకి రెండు రోజుల ముందు ట్యాంకరు వాణ్ణి పిలిచి మొత్తం తోడించింది. చాలదన్నట్టు గోడలు కూడా కడిగించింది.

మారిబెల్ వచ్చి మూత ఎత్తింది. లోపలికి చూసింది. మూత పట్టుకునే అలా ఉండిపోయింది.

"ఇది ఎవరు ఖాళీ చేశారండీ?"

"నేనే చేయించా. చూడండి, ఎంత శుభ్రంగా ఉందో! అన్నం వండుకు తినొచ్చు" అంది ఆర్డిస్ మురిసిపోతూ.

మారిబెల్ వెళ్లి వరండా మెట్టు మీద కూలబడింది. "నేను పంపిన కాగితంలో పెద్దక్షరాలతో రాశాం కదండీ. పరీక్షకి ముందు ఖాళీ చేయించొద్దు అని."

"చదివాను. లైల్‌లాంటి బద్ధకిష్టి వాళ్ల కోసం రాశారనుకున్నా."

"ఖాళీ ట్యాంకులో రంగు పోస్తే అడుగునే ఉంటుందండీ. అది నిండి, పొర్లి, బయటి గొట్టంలోకి వెళ్తేనే కదా ఎక్కడ తేలుతుందో మనకి తెలిసేది? ఇప్పుడు మీది బాగుందని రాయలేను, పాడైందనీ రాయలేను. మళ్లీ నిండేదాకా ఆగాలి."

"అయితే తోట గొట్టం పెట్టి సాయంత్రానికి నింపేస్తా. అదెంత పని!"

"అలా ఒప్పుకోరు. ఇంట్లో వాడిన నీళ్లతోనే నిండాలి. రూలు."

రూలు! ఆర్డిస్ ఆ మాట విని చీపురు తీసుకుని వరండా ఊడవడం మొదలుపెట్టింది. అక్కడ ఊడ్చడానికి ఏమీ లేదు. మారిబెల్ కూర్చున్న మెట్టు కూడా ఊడ్చేసరికి ఆవిడ లేచి పక్కింటికి వెళ్లింది.

లైల్ ఇంట్లో ఎర్ర రంగు పోశారు. వారం రోజులు పోటు దిగినప్పుడల్లా మారిబెల్ ఒడ్డంతా తిరిగింది. ఆవిడ వెనకే ఆర్డిస్ కూడా, రాళ్ల సందుల్లో తల దూర్చి మరీ వెతికింది. ఎరుపన్నది ఎక్కడా లేదు. లైల్ రోడ్ల పనిలో ఉన్న రోజుల్లో మంచి కంకర తెచ్చి, గట్టుకి బాగా పైన ఇంకుడు కాలవలు తవ్వుకున్నాడట. అతని నీళ్లు భూమిలోకి చక్కగా ఇంకిపోతున్నాయి.

"ఆ రంగులో ఏదో లోపం ఉండుంటుంది" అంది ఆర్డిస్.

"ఆర్డిస్ గారూ, ఎనిమిదిళ్లలో ఏడు బాగున్నాయి" అంది మారిబెల్ మెల్లగా.

"అయితే సీల్ జంతువులని అడగండి! అవి గుంపులు గుంపులుగా వచ్చి నా మడి పక్కనే పడుకుంటాయి. వాటి పాయిఖానాలో పొయ్యండి మీ రంగు. నాది బాగుందని తేలాక కౌంటీ వాళ్లే వచ్చి బోర్డు పీక్కుపోవాలి. నా ఎదురుగా పీకాలి."

అలా ఆవిడ ట్యాంకు నింపడానికి పూనుకుంది. పంతం పట్టడమైతే పట్టింది, కానీ ట్యాంకు నిండితేనా! మార్చిలో మారిబెల్ కర్ర దించి చూసింది. జానెడు కూడా పెరగలేదు.

"మీరసలు నీళ్లు వాడతారాండీ?"

"వాడుతున్నాను తల్లీ. ఏం చెయ్యను, చెయ్యి ఊరుకోదు!"

నిజంగానే ఊరుకోలేదు. స్నానం తొట్టి నింపుదామని కుళాయి తిప్పేది. నీళ్లు చీలమండ దాకా వచ్చేసరికి చెయ్యి దానంతటదే వెళ్లి కట్టేసేది. గిన్నెల నీళ్లు సింకులో వదిలేద్దామనుకునేది. తీరా చూస్తే పూలమొక్క దగ్గర ఖాళీ బకెట్టుతో నిలబడి ఉండేది. అప్పుడు తనని తను తిట్టుకునేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేర్చుకున్న మంచి అలవాటు ఇప్పుడు నేరమైపోయింది. పొదుపుగా బతికినందుకు ఇదా ఫలితం? దుబారా చేసినవాడికి మార్కులు, ఒళ్లు దగ్గర పెట్టుకున్నవాళ్లకి శిక్షా? వంటింట్లో ఒక్కతీ నిలబడి గిన్నెలతో తన గోడు చెప్పుకునేది. ఏప్రిల్ దగ్గర పడుతోంది.

ఒక ఆదివారం తలుపు తీస్తే లైల్ భుజం మీద తువ్వాలేసుకుని నిలబడ్డాడు.

"ఏంటి?"

"స్నానానికొచ్చా. నీ ట్యాంకుకి నా వంతు దానం."

తలుపు మొహం మీదే వేద్దామనుకుంది. వేయలేదు. వేసే స్థితిలో లేదు. పక్కకి తప్పుకుంది. అతను లోపలికెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి పాట అందుకున్నాడు. ఆర్డిస్ బయట కుర్చీలో పళ్లు బిగబట్టి కూర్చుంది. ఆ నీళ్ల చప్పుడు ఆవిడ ప్రాణం తోడేస్తోంది.

"ఇంక చాలు లైల్!"

"ఇంకా జుట్టు రుద్దుకోలేదు!"

"నీకు జుట్టెక్కడిదయ్యా!"

ఆ వార్త గట్టంతా పాకింది. మరుసటి వారానికి ఆ ఆరిళ్ల వాళ్లూ మాసిన బట్టలు మూటలు కట్టుకుని వచ్చారు. ఆర్డిస్ తల్లి కాలం నాటి వాషింగ్ మెషీను తుప్పు వదిలించుకుని గడగడలాడుతూ తిరిగింది. ఎవరో ఒకరు బాత్రూంలో ఉండేవారు, ఇంకొకరు తలుపు కొడుతుండేవారు. చుట్టాలు రావడానికి జంకే ఇంట్లో సందడే సందడి. అందరూ నవ్వుతున్నారు. ఆర్డిస్ మాత్రం నవ్వలేకపోయింది. వాళ్లు వెళ్లిపోయాక తడిసిన బాత్రూం నేల తుడుస్తూ, నాది బాగుందని తేలనీ, మీ అందరి చేతా చెప్పిస్తా అనుకుంది. లైల్‌ని తిట్టడం మాత్రం మానలేదు. పొద్దున తిట్టేది, సాయంత్రం అతనికి తువ్వాలు ఆరేసిపెట్టేది.

ఏప్రిల్ మూడో వారానికి ట్యాంకు నిండింది. మారిబెల్ ఆకుపచ్చ రంగు తెచ్చి పోసింది. వసంతం వచ్చాక అక్కడ పెద్ద ఆటు పట్టపగలే వస్తుంది. దాచిపెట్టడానికి చీకటి కూడా ఉండదు.

రెండో రోజు నీళ్లు వెనక్కి పోయాక ముగ్గురూ ఒడ్డున నిలబడ్డారు. ఆర్డిస్ ఆపిల్ చెట్టు వైపు చూస్తోంది. మారిబెల్ రాతి గోడ వైపు చూస్తోంది. ముందు చూసింది లైల్.

రాతి గోడ అడుగున, నాచు కింద నుంచి, సన్నటి ధార కారుతోంది. ఎండలో మెరిసే ఆకుపచ్చ. అది బురదలో గీత గీసుకుంటూ నేరుగా వెళ్లి ఆర్డిస్ మడిలో, రెండేళ్లుగా ఎవరూ ముట్టక అరచేతులంత పెరిగిన చిప్పల మధ్య పరుచుకుంటోంది.

ఆర్డిస్ వెళ్లి ఆ గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నాచు పీకింది. లోపల మట్టి గొట్టం నోరు కనిపించింది. చూడగానే గుర్తుపట్టింది. తనకి తొమ్మిదేళ్లప్పుడు ఇదే చోట నిలబడి, తండ్రికి ఒక్కో గొట్టం అందించింది. ఆ రోజుల్లో కోవ్‌లో అందరూ అంతే, ట్యాంకు గొట్టాన్ని నేరుగా ఒడ్డుకే వదిలారు. పోటు రోజుకి రెండుసార్లు వచ్చి కడిగేస్తుందిలే అనేవాడు ఆయన. నీళ్లు ఆపిల్ చెట్టు కింద ఇంకుతాయన్న కథ తర్వాత ఎప్పుడో మొదలైంది. ఎవరు మొదలెట్టారో కూడా తెలీదు. బహుశా తనే.

"సాయం వస్తుందండీ" అంటోంది మారిబెల్. "గడువు ఇంకా ఉంది. ఇవాళే పంపించేస్తా. కొత్తది వేశాక, నీళ్లు శుభ్రపడ్డాయని తేలితే, బోర్డు తీసేస్తారు."

మంచి వార్తే. రెండేళ్లుగా ఆవిడ ఎదురుచూసింది దీనికే. అయినా ఆర్డిస్ నాచు పీకుతూనే ఉంది. ఎంత జాగ్రత్తగా బతికింది! లాండ్రీకి మోసిన మూటలు, లెక్కపెట్టుకున్న చెంబులు, దూరం చేసుకున్న చుట్టాలు. అంతా చేసి, చుక్క చుక్కగా తన మడిలోకి తనే పోసుకుంది. ఈ మూడు వారాలూ ఊరందరి మురికీ పిలిచి మరీ పోయించింది. సిగ్గుతో, కోపంతో మొహం వేడెక్కిపోయింది. ఆ కోపం విసరడానికి ఈసారి లైల్ కూడా పనికిరాడు.

మారిబెల్ ఫోన్ చేయడానికి పైకి వెళ్లింది. లైల్ అక్కడే ఉన్నాడు.

"తిట్టవయ్యా" అంది ఆర్డిస్, లేవకుండానే. "నీ వంతొచ్చింది. రెండేళ్లు నేను నిన్నన్నవన్నీ నన్ను తిరిగి అను."

"అవన్నీ ఎక్కడ గుర్తున్నాయి? ఒక్కటే గుర్తుంది, రోజూ పొద్దున్నది. మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో పొద్దున్నే నా పేరు పెట్టి పిలిచింది నువ్వొక్కదానివే. అది వినబడ్డాకే లేచి కాఫీ పెట్టుకునేవాణ్ణి."

ఆర్డిస్ బురద చేతులు బురదలోనే తుడుచుకుంది.

"ఇప్పుడు నీ పెరడంతా తవ్వుతారు కదా" అన్నాడు లైల్ మెట్లెక్కుతూ. "స్నానానికి మా ఇంటికి రా. తువ్వాలు నువ్వే తెచ్చుకో. చెంబులు లెక్కపెట్టావంటే మాత్రం ఊరుకోను."

మర్నాడు పొద్దున ఆర్డిస్ ఎప్పటిలాగే బూట్లు తొడుక్కుని ఒడ్డుకు దిగింది. బోర్డు అక్కడే ఉంది. అలవాటుగా కాలు లేచింది. గుంజ దాకా వెళ్లి ఆగి, కిందికి దిగింది. ఆవిడ పక్కింటి వైపు తిరిగింది. లైల్ కిటికీ తెరిచే ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు.

"నీ దుంప తెగ, ఆర్డిస్!" అని అరిచింది గొంతు చించుకుని.

కాసేపటికి పైన లైల్ ఇంట్లో కుళాయి తిప్పిన చప్పుడు, పొయ్యి మీద కెటిల్ పెట్టిన చప్పుడు వినబడ్డాయి.